ఉప్పు నీళ్లు తాగే పచ్చిక



మన ఆకాశవాణి కేంద్రానికి దగ్గరలోనే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ ఉంది. పాత హైదరాబాదీలు దాన్ని ఇప్పటికీ బాగ్-ఎ-ఆమ్ అనే పిలుస్తారు. శాసనసభ, జూబ్లీ హాలు, పురావస్తు ప్రదర్శనశాల, లలిత కళాతోరణం, ఉద్యానశాఖ కార్యాలయం అన్నీ అక్కడే, ఆ చెట్ల చుట్టుపక్కలే ఉన్నాయి. అబిడ్స్ వైపు వస్తే నిజాం కాలేజీ మైదానం, దానికి చేరువలో ఫతే మైదాన్, అంటే లాల్ బహదూర్ స్టేడియం కనిపిస్తాయి. ఇంత ఇరుకైన, ఇంత రద్దీ ప్రాంతంలో కాళ్లకింద మెత్తగా తగిలే నేల మిగిలిందంటే అది ఈ నాలుగైదు చోట్లే. వీటికి తోడు బడుల ఆవరణలు, పాత బంగళాల ముంగిళ్లు, అపార్ట్‌మెంట్ల ముందు పరిచిన చాపంత లాన్లు ఉన్నాయి.

ఆ పచ్చికకు మనం పోసే నీళ్లలోని ఉప్పు గురించి, ఆ ఉప్పుతో గడ్డి నెగ్గుకొచ్చే తీరు గురించి ఈ రోజు చెబుతాను.

ఉప్పు అనగానే సముద్రం గుర్తుకొస్తుంది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, దక్కన్ పీఠభూమి మీద ఉన్న హైదరాబాదుకు ఉప్పు బెడద ఏమిటని మీరు అడగవచ్చు. చలిదేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ రోడ్ల అంచున మామూలు గడ్డి చచ్చిపోయి, ఒకప్పుడు సముద్రతీరాల్లోనూ ఉప్పు నేలల్లోనూ మాత్రమే పెరిగిన పుక్సినెల్లియా అనే గడ్డి ఊళ్ల మధ్యకు వచ్చేసింది. మనకు మంచూ లేదు, రోడ్డు మీద చల్లే ఉప్పూ లేదు. మన పచ్చికకు ఉప్పు వచ్చేది గొట్టంలోంచి, నీళ్లతో కలిసి.

నల్లా నీళ్లు తాగడానికే చాలనప్పుడు లాన్‌కు ఎవరూ పోయరు. లాన్‌కు దక్కేవి బోరు నీళ్లు, లేకపోతే ట్యాంకరు నీళ్లు. మన కింద ఉన్నది గ్రానైటు రాయి. దాని పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు రాతిలోని ఖనిజాలను కరిగించుకుంటాయి. పైనుంచి ఇంకే మురుగు కూడా వాటిలో కలుస్తుంది. బోరు లోతుకు పోయినకొద్దీ చాలాచోట్ల నీళ్లు మరింత కఠినమవుతాయి. గీజరు కాయిల్ మీద, కుళాయి మూతి మీద తెల్లగా పేరుకునే పొక్కు ఆ కాఠిన్యానికి గుర్తు. అయితే ఆ పొక్కులో కనిపించేది ఎక్కువగా కాల్షియం. గడ్డిని అసలు ఇబ్బంది పెట్టే సోడియం, క్లోరైడు మాత్రం అలా గడ్డకట్టి కనిపించవు. నీళ్లలో కరిగే ఉంటాయి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. మీ బోరు నీళ్లలో లీటరుకు ఒక గ్రాము లవణాలు ఉన్నాయనుకోండి. ఇది అసాధారణమేమీ కాదు. తాగే నీళ్లకు భారతీయ ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే దారి లేనిచోట 2000 దాకా అనుమతిస్తారు. అంటే మన లెక్కలోని నీళ్లు ఆ రెండింటికీ మధ్య ఉన్నాయి. వేసవిలో పచ్చికకు రోజూ చదరపు మీటరుకు ఐదు లీటర్లు పోస్తే, వంద చదరపు మీటర్ల లాన్‌కు ఐదు వందల లీటర్లు అవుతాయి. వాటితోపాటు అర కిలో లవణాలు నేలలో పడతాయి. ఫిబ్రవరి నుంచి మే నెలాఖరు దాకా నూట ఇరవై రోజులు ఇలాగే పోస్తే అరవై కిలోలు. నీళ్లు ఆవిరై గాలిలో కలుస్తాయి, గడ్డి తాగిన నీళ్లు కూడా ఆకుల్లోంచి గాలిలోకే పోతాయి. లవణాల్లో కాల్షియం కొంత సున్నంగా మారి గట్టిపడుతుంది. మిగిలింది వేళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఓ మధ్యతరగతి ఇంటి ముంగిట్లో ఒక్క వేసవికి ఇంత చేరుతుందంటే, పెద్ద తోటల సంగతి మీరే ఊహించండి.

గడ్డికి దీనివల్ల వచ్చే నష్టం రెండు విడతల్లో జరుగుతుంది. ఈ విషయాన్ని బాగా విడమరచిన వాళ్లలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రానా మన్స్ ముఖ్యురాలు. మొదటి విడత వెంటనే మొదలవుతుంది. ఆవకాయ జాడీలో మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ముక్కల్లోని నీరు బయటికి వచ్చేస్తుంది కదా, వేళ్ల చుట్టూ ఉన్న మట్టిలో ఉప్పు పెరిగితే జరిగేదీ అదే. నేల తడిగానే ఉంటుంది, వేరుకు మాత్రం నీళ్లు అందవు. గడ్డి దాహంతో నీలిబూడిద రంగుకు తిరుగుతుంది, నడిచిన అడుగుల ముద్రలు లేవకుండా అలాగే ఉండిపోతాయి. మనం నీళ్లు చాలలేదనుకుని మళ్లీ గొట్టం పట్టుకుంటాం. రెండో విడత నిదానంగా, వారాల మీద వస్తుంది. వేళ్లలోంచి చొరబడిన సోడియం, క్లోరైడు ఆకుల్లో పేరుకుంటాయి. పొటాషియం పనిచేయవలసిన చోట సోడియం చేరి కణాల లోపలి పనులను చెడగొడుతుంది. ముదురాకుల కొసలు మాడి గోధుమరంగుకు తిరగడం దీని లక్షణం.

గడ్డి ఈ రెండింటినీ ఎలా ఎదుర్కొంటుందో చెప్పడానికి గరికను మించిన ఉదాహరణ లేదు. వినాయక చవితి ముందు మొజంజాహి మార్కెట్ దగ్గర పత్రితోపాటు కట్టలు కట్టి అమ్మే గరికే ఇది. పొలం గట్ల మీద, రైలు పట్టాల పక్కన, కాలిబాట రాళ్ల సందుల్లో ఎవరూ నాటకుండానే మొలుస్తుంది. ప్రపంచంలో వేడి ప్రాంతాల మైదానాల్లో ఎక్కువగా బెర్ముడా గడ్డి పేరుతో పరిచేదీ దీన్నీ, దీని సంకరాలనూ. నర్సరీల్లో సెలక్షన్ వన్ అని అమ్మే సన్నాకు రకం కూడా ఈ జాతిదే. ఖరీదైన విదేశీ గడ్డి తెచ్చి వేసి, దాని మధ్యలో మొలిచిన గరికను కలుపని పీకించే ఇళ్లు నగరంలో చాలా ఉన్నాయి. ఉప్పు నీళ్లున్న చోట ఇది తలకిందుల వ్యవహారం.

1977లో అమెరికా శాస్త్రవేత్తలు మాస్, హాఫ్‌మన్ పంటల ఉప్పు సహనాన్ని లెక్కగట్టి ఒక పట్టిక ప్రచురించారు. నేలలో ఉప్పును విద్యుత్ వాహకతతో కొలుస్తారు, మన రైతులకు ఇ.సి. అంటే తెలుసు. ఇ.సి. 4 దాటిన నేలను లవణ నేల అంటారు. ఆ పట్టిక ప్రకారం వరి ఇ.సి. 3 దాకా ఓర్చుకుంటుంది. ఆపైన ఒక్కో యూనిట్ పెరిగినప్పుడల్లా నూటికి పన్నెండు వంతుల దిగుబడి పోతుంది. గరికకు ఆ గీత 6.9 దగ్గర ఉంది. అది దాటాక కూడా ఒక్కో యూనిట్‌కు తగ్గేది 6.4 వంతులే. అంటే వరి పూర్తిగా చేతులెత్తేసే ఉప్పులో గరిక ఇంకా సగానికి పైగా పెరుగుతూ ఉంటుంది.

ఆ శక్తి ఎక్కడిదంటే, మొదటి కాపలా వేళ్ల దగ్గరే ఉంది. వేరు లోపల ఒక వలయంలోని కణాల గోడలకు మైనంలాంటి పూత ఉంటుంది. మట్టినీరు గోడల సందుల్లోంచి నేరుగా లోపలికి పోలేక కణాల గుండా పోవలసి వస్తుంది. ఆ కణాలు సోడియాన్ని వీలైనంతవరకు ఆపి, పొటాషియాన్ని ఏరి లోపలికి పంపుతాయి. పొరపాటున లోపలికి వచ్చిన సోడియాన్ని కూడా కొంత మళ్లీ బయటికి తోసేసే ప్రోటీన్లు వేరు కణాల పొరల్లో ఉన్నాయి. ఉప్పు ఓ మోస్తరుగా ఉన్నప్పుడు గరిక ఇంకో పని కూడా చేస్తుంది. పైన ఆకుల ఎదుగుదల తగ్గించి, వేళ్లను లోతుకు పంపుతుంది. పైకి చూసి దుబ్బు నీరసించిందనుకుంటాం, కింద అది ఉప్పు తక్కువున్న పొరల కోసం వెతుకుతూ ఉంటుంది. అందుకే అలాంటి సమయంలో పచ్చికను పొట్టిగా కత్తిరించవద్దని చెబుతాను. ఆకు తగ్గితే వేరుకు తిండి తగ్గుతుంది.

కాపలా దాటి వచ్చిన ఉప్పు ఆకులకు చేరుతుంది. ప్రతి కణం మధ్యలో నీరు నిండిన పెద్ద సంచి ఉంటుంది, దాన్ని రిక్తిక అంటాం. గడ్డి సోడియాన్ని అందులోకి తోసి బంధిస్తుంది. కణంలో అసలు పనులు జరిగే భాగానికి ఉప్పు తగలకుండా ఇలా కాపాడుకుంటుంది. అయితే రిక్తికలో అంత ఉప్పుంటే మిగతా భాగంలోని నీళ్లన్నీ దానిలోకి పోవాలి కదా. అది జరగకుండా గ్లైసిన్ బీటైన్, ప్రోలీన్ లాంటి కర్బన పదార్థాలను తయారుచేసి రిక్తిక బయట నింపుతుంది. ఎంత చేరినా ఇవి కణానికి హాని చెయ్యవు, నీటిని మాత్రం పట్టి ఉంచుతాయి. వీటి తయారీకి చాలా శక్తి ఖర్చవుతుంది. ఉప్పు నేలలో పచ్చిక బతికే ఉంటుంది కానీ చురుగ్గా ఎదగదు, తొక్కిన చోట తొందరగా కోలుకోదు. దానికి కారణం ఈ ఖర్చే.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచేది దీని తర్వాతి ఏర్పాటు. గరిక ఆకు మీద, ఈనెల పక్కన ఉన్న సన్నని గాళ్లలో లవణ గ్రంథులు ఉంటాయి. ఒక్కో గ్రంథిలో ఉండేవి రెండే కణాలు. అడుగున ఒకటి, దాని మీద టోపీలా ఒకటి. అడుగు కణం ఆకులోంచి ఉప్పును కూడదీస్తుంది, పై కణం దాన్ని ఆకు మీదికి వదిలేస్తుంది. కంటికి కనిపించని ఈ గ్రంథుల లోపలి నిర్మాణాన్ని 1982లో ఓరాస్, థామ్సన్ అనే శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసి వివరించారు. ఉప్పు నేలలో పెరిగే గరికను పొడి వాతావరణంలో భూతద్దంతో చూస్తే ఆకు మీద తెల్లటి స్ఫటికాలు కనిపిస్తాయి. అవి ఆ గడ్డి కక్కేసిన ఉప్పు.

నర్సరీల్లో కొరియన్ గ్రాస్, మెక్సికన్ గ్రాస్, కార్పెట్ గ్రాస్ అని రకరకాల పేర్లతో అమ్మే జోయ్సియా జాతి గడ్డికి కూడా ఇవే గ్రంథులు ఉన్నాయి. అమెరికాలో కెన్నెత్ మార్కమ్ అనే పరిశోధకుడు 1990ల్లో జోయ్సియా రకాలను ఉప్పు నీళ్లలో పెంచి పోల్చాడు. ఏ రకం గ్రంథుల ద్వారా ఎక్కువ సోడియం బయటికి పంపుతుందో ఆ రకమే ఉప్పును ఎక్కువగా తట్టుకుందని తేల్చాడు. మనకు దీనివల్ల ఒక ఉపయోగం ఉంది. జోయ్సియాలో అన్ని రకాలూ ఒకటి కాదు. సన్నాకుల మట్రెల్లా, మనీలా గడ్డి అనేది, ఉప్పుకు బాగా ఓర్చుకుంటుంది. వెడల్పాటి ఆకుల జపానికా రకాల్లో చాలా వాటికి అంత ఓర్పు లేదు. కొనేటప్పుడు కార్పెట్ గ్రాస్ అన్న మాటతో సరిపెట్టుకోకుండా ఏ రకమో గట్టిగా అడగండి.

గ్రంథులు లేకుండానే ఉప్పును జయించిన గడ్డి కూడా ఒకటి ఉంది. పాస్పలం వజినేటం దాని పేరు. సముద్రపు ఒడ్డున, ఉప్పుటేరుల పక్కన పెరుగుతుంది. జార్జియా విశ్వవిద్యాలయంలో రోనీ డంకన్ దీన్నుంచి గోల్ఫు మైదానాలకు పనికివచ్చే రకాలు తయారుచేశాడు. వీటిలో కొన్ని సముద్రపు నీటికి దగ్గరి ఉప్పుదనాన్ని కూడా తట్టుకున్నాయి. ఇది ఉప్పును ఎక్కడ దాస్తుందో 2020లో అదే విశ్వవిద్యాలయంలో కాట్రీన్ డెవోస్ బృందం బయటపెట్టింది. ఆకు పైభాగంలో వరసలుగా ఉబ్బెత్తు కణాలు ఉంటాయి. సోడియం వాటిలోకి చేరి అక్కడే నిలిచిపోతుంది. బయటికి కక్కడం లేదు, ఒక మూలన పెట్టి తాళం వేస్తుంది. ఈ గడ్డి వేసిన కొన్ని మైదానాల్లో కలుపును చంపడానికి ఉప్పు నీళ్లే చల్లుతారు. కలుపు చస్తుంది, ఇది నిలుస్తుంది. విశాఖ బీచ్ రోడ్డు లాంటి చోట్ల, సముద్రపు గాలిలో ఉప్పు తుంపర నేరుగా ఆకుల మీద పడేచోట, దీని గురించి ఆలోచించాలి. హైదరాబాదు బోరు నీళ్లకు ఇంత దూరం పోనక్కర్లేదన్నది నా అభిప్రాయం. గరిక చాలు, నీడ ఎక్కువైతే మనీలా చాలు.

నగరంలో ఉప్పు కథ లాన్‌తో ఆగదు. అబిడ్స్, నాంపల్లి ఇళ్లలో, హోటళ్లలో వాడిన నీళ్లు చివరికి మూసీ వైపే పోతాయి. ఒకసారి ఇంట్లో వాడుకుని వదిలిన నీళ్లలో, అన్నంలో తిన్న ఉప్పు, బట్టల సబ్బు, పాత్రలు తోమిన పొడి కలిసి, లీటరుకు రెండు మూడు వందల మిల్లీగ్రాముల లవణాలు అదనంగా చేరతాయి. అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల మురుగును శుద్ధి చేసే పెద్ద కేంద్రం ఉంది. అలాంటి కేంద్రాలు మురుగులోని కుళ్లును తీసేస్తాయి, వాసన పోగొడతాయి, రోగక్రిములను తగ్గిస్తాయి. కరిగిన ఉప్పును మాత్రం తీయవు, అవి కట్టింది అందుకు కాదు. తోటలకు శుద్ధిచేసిన మురుగునీళ్లు వాడటం చాలా మంచి పని. తాగే నీళ్లు గడ్డికి పోయడం కన్నా వెయ్యి రెట్లు మంచిది. అయితే చూడటానికి తేటగా ఉన్నాయి కదా అని వాటిలో ఉప్పు లేదనుకోవద్దు.

ఈ సంగతి మనకన్నా ముందు తెలుసుకున్నవాళ్లు మూసీ దిగువ రైతులు. నగరం దాటాక పీర్జాదిగూడ, కాచివాని సింగారం, ప్రతాపసింగారం వైపు ఏళ్ల తరబడి మూసీ నీళ్లతోనే సేద్యం సాగింది. ఒకప్పుడు అక్కడంతా వరి. నగరం పెరిగి మూసీలో మురుగు పెరిగాక వరి సరిగా పండటం మానేసింది. దుబ్బు పచ్చగా, ఏపుగా కనిపించేది, వెన్నులో గింజ మాత్రం సరిగా పాలు పోసుకునేది కాదు. నత్రజని ఎక్కువై ఆకు పెరగడం ఒక కారణం, నేలలో ఉప్పు పేరుకోవడం ఇంకో కారణం. రైతులు వరి వదిలి పారా గడ్డి వేశారు. ఆఫ్రికా నుంచి వచ్చి ప్రపంచమంతా పాకిన పశుగ్రాసం ఇది. నిలువ నీళ్లలో, ఓ మాదిరి ఉప్పులో హాయిగా పెరుగుతుంది. గింజ కట్టవలసిన పని లేదు. ఆకూ కాడే పంట కాబట్టి ఏడాది పొడవునా కోసుకోవచ్చు. కోసిన గడ్డి మోపులు నగరంలోని పాల డెయిరీలకు చేరేవి, గేదెలు తినేవి, ఆ పాలే మన చాయ్‌లోకి వచ్చేవి. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ తరఫున స్టెఫనీ బ్యూక్లర్, గాయత్రీ దేవి మూసీ వెంట ఊళ్లలో తిరిగి ఈ బతుకుతెరువులను నమోదు చేశారు. గడ్డి మీద ఎన్నో కుటుంబాలు, అందులోనూ కూలికి గడ్డి కోసే ఆడవాళ్లు, ఆధారపడ్డారని వాళ్ల రచనల్లో కనిపిస్తుంది.

ఆ గడ్డిలో భారలోహాలు ఎంత, పాలలోకి ఎంత వస్తాయి అన్నది వేరే పెద్ద చర్చ, ఈ రోజు అందులోకి పోను. నాకు ముఖ్యంగా తోచేది ఇది. ఏ సంస్థా వచ్చి చెప్పకముందే, ఏ నీళ్లకు ఏ గడ్డి ఆగుతుందో ఆ రైతులు తమ చేల వెన్నులు చూసి తెలుసుకున్నారు, పంట మార్చుకున్నారు. నగరంలో మనం మాత్రం నీళ్ల సంగతి చూడకుండా ముందు గడ్డి ఎంచుకుంటున్నాం.

సరే, ఇంటి లాన్ దగ్గరికి వద్దాం. గడ్డి ఎంత గట్టిదైనా, ఉప్పు కిందికి పోయే దారి లేకపోతే ఏదో ఒకనాడు ఓడిపోతుంది. గ్రంథుల ద్వారా కక్కిన ఉప్పు కూడా మళ్లీ నేల మీదే కదా పడేది. కత్తిరించిన ఆకులను ఎత్తి బయట వేస్తే వాటితో కొద్దిగా పోతుంది. అసలు మందు నీళ్లే. అవసరానికి మించి కొంచెం ఎక్కువ నీళ్లు పోసి ఉప్పును వేళ్ల కిందికి నెట్టాలి. ఎంత ఎక్కువ పోయాలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పుస్తకంలో ఒక సూత్రం ఉంది. దాని ప్రకారం ఇ.సి. 2 ఉన్న నీళ్లు, అంటే లీటరుకు సుమారు 1300 మిల్లీగ్రాముల లవణాలున్న నీళ్లు పోస్తే, గరికకు పోసిన వాటిలో నూటికి ఆరు వంతులు వేళ్లు దాటి కిందికి దిగితే సరిపోతుంది. ఇ.సి. 3కే డీలాపడే సున్నితమైన గడ్డికైతే అదే నీళ్లలో పదిహేను వంతులు కిందికి దిగాలి. నీళ్లకు కటకటలాడే నగరంలో ఓర్పున్న గడ్డిని ఎంచుకోవడమంటే నీళ్లను ఆదా చేయడం కూడా.

రోజూ సాయంత్రం పైపైన చిలకరించే అలవాటు ఉప్పు నీళ్లతో చాలా చేటు చేస్తుంది. పై రెండు అంగుళాలు తడుస్తాయి, తెల్లారేసరికి ఆరతాయి, ఉప్పంతా అక్కడే మిగులుతుంది. వేళ్లు కూడా పైకే అలవాటుపడతాయి. రెండు మూడు రోజులకొకసారి, పొద్దున్నే, లోతుకు ఇంకేలా పోయండి. మిట్టమధ్యాహ్నం ఆకుల మీద చల్లితే ఆకు మీదే ఆరి మచ్చలు పడతాయి. తొక్కి తొక్కి గట్టిపడిన చోట ఇనుప ఫోర్కుతో గుచ్చి రంధ్రాలు చేస్తే తప్ప నీళ్లు దిగవు. పెళ్లిళ్లకూ సభలకూ వాడిన పచ్చికలన్నిటికీ ఇది తప్పనిసరి.

ఉప్పు కడగడానికి మనకు అన్నిటికన్నా మంచి నీళ్లు వాన నీళ్లు. హైదరాబాదుకు ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన, అందులో ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే. బాగా ఇంకే నేలలో పదిహేను సెంటీమీటర్ల నీళ్లు కిందికి దిగితే పై అడుగు మట్టిలోని ఉప్పు స్థూలంగా సగం పోతుంది, ముప్ఫై సెంటీమీటర్లు దిగితే నూటికి ఎనభై వంతులు పోతుంది. అంటే వేసవిలో మనం పోసిన ఉప్పులో ఎక్కువ భాగాన్ని వానాకాలం ఉచితంగా కడిగిపెడుతుంది, ఆ వాన మన ముంగిట్లో ఇంకితే. చుట్టూ సిమెంటు వేసి, లాన్‌ను కాలువ వైపు వాలుగా చేసి, వచ్చిన వానంతా రోడ్డు మీదికి పంపితే ఆ ఉప్పు వచ్చే వేసవికి కూడా అక్కడే ఉంటుంది. జూన్ రాకముందే ఫోర్కుతో గుచ్చే పని పూర్తిచేయమని నేను అడిగేది ఇందుకే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఉప్పు సమస్య అనగానే జిప్సం బస్తా తెచ్చి చల్లేవాళ్లున్నారు. తెల్ల చౌడుకు, అంటే మామూలు లవణాలు పేరుకున్న నేలకు, జిప్సం పనికిరాదు. దానివల్ల ఇంకొంత లవణం చేర్చినట్టవుతుంది. కారు చౌడు వేరు. అక్కడ సోడియం మట్టి రేణువులకే అంటుకుని, బంకమట్టి చెదిరి, నీళ్లు ఇంకకుండా పైన బురదలా నిలుస్తాయి. ఉదజని సూచిక ఎనిమిదిన్నర దాటుతుంది. అలాంటిచోట జిప్సంలోని కాల్షియం సోడియాన్ని మట్టి నుంచి విడదీస్తుంది, తర్వాత నీళ్లతో కడగాలి. ఏ చౌడో, ఎంత జిప్సమో మట్టి పరీక్షే చెప్పాలి. మన తెలుగు నేల మీద దీనికి అనుభవం తక్కువేమీ లేదు. బాపట్లలో చౌడు నేలల మీదా ఉప్పు నీటి సేద్యం మీదా దశాబ్దాలుగా పరిశోధన జరుగుతోంది.

ఎరువుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎరువు కూడా లవణమే. పొటాష్ వేయాలనుకుంటే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేయండి. మొదటిదాని లవణ సూచిక 116, రెండోదానిది 46. మొదటిదానితో క్లోరైడు కూడా వస్తుంది. గడ్డి సోడియంతో పెనుగులాడుతున్నప్పుడు పొటాషియం అందించడం దానికి నిజమైన సాయం.

చివరగా ఇళ్లలో మనం చేతులారా పోసే ఉప్పు రెండు రకాలు. ఒకటి ఆర్.ఓ. యంత్రం వదిలేసే నీళ్లు. వృథా చేయకూడదన్న మంచి ఉద్దేశంతో చాలామంది ఆ గొట్టాన్ని లాన్‌లోకి వదులుతారు. యంత్రం నాలుగో వంతు నీళ్లను తాగడానికి తీసి మిగతాది వదిలితే, ఉప్పంతా ఆ మిగిలిన మూడు వంతుల్లోనే ఉంటుంది. వెయ్యి మిల్లీగ్రాముల నీళ్లు పదమూడు వందలు అవుతాయి. ఆ నీళ్లను ఇల్లు తుడవడానికి, బాత్‌రూమ్ కడగడానికి వాడండి. రెండోది అపార్ట్‌మెంట్లలోని సాఫ్ట్‌నర్. అది కఠినజలంలోని కాల్షియాన్ని తీసేసి దాని బదులు సోడియాన్ని ఇస్తుంది. బట్టలకూ గీజరుకూ అది మంచిదే, గడ్డికీ మట్టికీ అసలు కఠినజలమే నయం. కాబట్టి తోట కుళాయిని సాఫ్ట్‌నర్‌కు ముందే కలిపించుకోండి. ప్లంబర్‌కు ఒక్క పూట పని.

శ్రోతలారా, కొత్తగా పచ్చిక వేయాలనుకుంటే నర్సరీకి పోయేముందు ఒక్క పని చేయండి. వాటర్ ఫిల్టర్ అమ్మేవాళ్ల దగ్గర పెన్నులా ఉండే టీడీఎస్ మీటరు మీరు చూసే ఉంటారు. దాన్ని తాగే నీళ్లలోనే కాకుండా మీ బోరు నీళ్లలో, ట్యాంకరు నీళ్లలో కూడా ముంచి చూడండి. వచ్చిన అంకెను 640తో భాగిస్తే సుమారుగా ఇ.సి. వస్తుంది. ఒకటి లోపు ఉంటే ఏ గడ్డయినా వేసుకోవచ్చు. ఒకటికీ మూడుకూ మధ్య ఉంటే గరికగానీ మనీలాగానీ వేయండి. మూడు దాటితే ముందు మట్టినీ నీళ్లనూ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి, ఆ తర్వాతే గడ్డి మాట. సలహా కావాలంటే ఉద్యానశాఖ కార్యాలయం పబ్లిక్ గార్డెన్స్‌లోనే ఉంది, వెళ్లి అడగండి.